సెస్నా 172 విండ్‌షీల్డు, పక్క కిటికీల మార్పు: పని డైరీ

మేము ముగ్గురం కలిసి కొనుక్కున్న 1974 నాటి చిన్న విమానం సెస్నా 172ఎంకు ముందు విండ్‌షీల్డును, రెండు తలుపుల కిటికీలను, వెనుక సీటు పక్కన ఉండే రెండు కిటికీలను మార్చిన పని వివరాలు ఇవి. విమానం టెక్సాస్‌లో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక చిన్న విమానాశ్రయంలో, రేకుల హ్యాంగర్‌లో ఉంటుంది. నవంబరు మొదటి వారంలో పని మొదలైంది, ఫిబ్రవరి చివర్లో ముగిసింది. మధ్యలో ఒక కొత్త విండ్‌షీల్డు, ఒక కొత్త కిటికీ నా చేతుల్లోనే పాడయ్యాయి. ఆ రెండింటి గురించే ఎక్కువ రాశాను, ఎందుకంటే సజావుగా సాగిన భాగాలు సర్వీసు మాన్యువల్లో ఎలాగూ ఉన్నాయి.

గంటల లెక్కలో నేను, నా భాగస్వామి కలిసి పెట్టిన మొత్తం సమయం ఉంది. మెకానిక్ గంటలు వేరు.

దశ 0: ఏం పాడైంది, ఎవరు చేయవచ్చు

పాత విండ్‌షీల్డులో మూడు లోపాలు ఉన్నాయి. ఎడమ పై మూలలో బయటి ఉష్ణోగ్రత చూపే గేజీ దూరే రంధ్రం నుంచి రెండున్నర అంగుళాల పగులు బయలుదేరింది. అది సాగకుండా పాత యజమాని దాని కొసన ఒక చిన్న రంధ్రం వేయించాడు గానీ, పగులు ఆ రంధ్రాన్ని దాటి ముందుకు పోయింది. రెండవది, ఉపరితలమంతా సన్నని వెంట్రుక నెర్రెలు పట్టడం వల్ల సాయంత్రం పడమటి దిక్కుకు తిరిగినప్పుడు ఎదుట తెల్లటి మసక తప్ప ఏమీ కనిపించకపోవడం. మూడవది, వాన పడితే ఎడమ కింది మూల నుంచి నీరు కారి పైలట్ కాలి మీద పడడం.

అమెరికా నియమాల ప్రకారం పక్క కిటికీల మార్పు, విమాన నిర్మాణానికీ నడిపే వ్యవస్థలకూ అడ్డురానంత వరకు, పైలట్ లైసెన్సున్న యజమాని స్వయంగా చేసుకోగల నివారక మరమ్మతుల జాబితాలో ఉంది. విండ్‌షీల్డు ఆ జాబితాలో లేదు. అయితే లైసెన్సున్న మెకానిక్ స్వయంగా పర్యవేక్షిస్తూ, అడిగినప్పుడు అందుబాటులో ఉంటే, ఆయన చేతి కింద మనం పని చేయవచ్చు. మా విమానంలో పక్క కిటికీల పట్టీలు కూడా రివెట్లతో (ఒకవైపు తల, మరోవైపు నలగ్గొట్టిన తోక ఉండే లోహపు మేకులతో) బిగించి ఉన్నందున, మొత్తం పనిని ఆయన పర్యవేక్షణలోనే చేద్దామని ముందుగానే ఒప్పుకున్నాం. ఇతర దేశాల్లో నమోదైన విమానాలకు ఈ వెసులుబాటు వర్తిస్తుందని ఎవరూ అనుకోవద్దు.

మొదటి కొనుగోలు: విండ్‌షీల్డు 560 డాలర్లు, కిటికీలు ఒక్కొక్కటి 118 చొప్పున నాలుగింటికి 472, రవాణా 190. మొత్తం 1,222 డాలర్లు.

దశ 1: పాతది ఊడదీయడం

172 విండ్‌షీల్డు ఒకే ముక్క యాక్రిలిక్, అంటే పారదర్శకమైన ప్లాస్టిక్. పైన, రెండు పక్కలా అది లోహపు గాడిలో దూరి ఉంటుంది. కింద మాత్రం ఇంజను వెనుక ఉండే డెక్కు రేకు మీద రివెట్లతో బిగించిన పట్టీ దాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టీని తీస్తే విండ్‌షీల్డు ముందుకు జరిగి బయటికి వస్తుంది. రివెట్లు ప్లాస్టిక్ గుండా పోవు కనుక ఇది కొంత సుఖమైన పని.

1. రెక్కల మొదట్లో అతుకులను కప్పి గాలి సాఫీగా జారేలా చేసే ఫెయిరింగ్ రేకులను విప్పి, స్క్రూలను ఏ రంధ్రానివి ఆ రంధ్రానికి గుర్తుండేలా అట్టముక్కకు గుచ్చాం.
2. డ్యాష్‌బోర్డు వైరింగ్ మీద పాత దుప్పటి పరిచాం. రాలే రివెట్ తోకలు అల్యూమినియంవి కనుక అయస్కాంతం వాటిని పట్టదు. వాక్యూమే గతి.
3. ప్రతి రివెట్ తల నడిమధ్య పంచ్ గుర్తు పెట్టి, 40వ నంబరు డ్రిల్ బిట్‌తో దారి వేసి, దానికంటే లావైన 30వ నంబరు బిట్‌తో తల మందం వరకే తొలిచాం.
4. తలను పంచ్‌తో పక్కకు తట్టి ఊడగొట్టి, మిగిలిన కాండాన్ని కిందికి దించాం.

పట్టీకి 46 రివెట్లు. వాటిలో ఏడు బిట్‌తో పాటే గిరగిర తిరగడం మొదలుపెట్టాయి. తిరుగుతున్న రివెట్‌ను ఇంకా గట్టిగా తొలిస్తే బిట్ పక్కకు జారి రేకు రంధ్రాన్ని కోడిగుడ్డు ఆకారంలోకి సాగదీస్తుందని మూడు రంధ్రాలు పాడయ్యాక గానీ నాకు అర్థం కాలేదు. మిగిలిన నాలుగింటికి నా భాగస్వామి ప్యానెల్ కింద వెల్లకిలా పడుకొని తోకను పట్టకారుతో పట్టుకున్నారు. ఆయన యాభై దాటినవారు, గుంటూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్లయినా ఆ భంగిమలో ఆయన నోటి వెంట వచ్చినవి అచ్చమైన గుంటూరు మాటలు. వాటిని ఇక్కడ రాయను.

ఈ దశ 14 గంటలు. ఖర్చు తర్వాతి దశతో కలిపి ఇచ్చాను.

దశ 2: ఫెల్ట్ కింద దాగినది

గాడిలోని పాత ఫెల్ట్ (ఒత్తిన ఉన్నిలాంటి మెత్తటి గుడ్డ) పట్టీని లాగగానే ఎడమ కింది మూలలో తెల్లటి పొడి రాలింది. ఫెల్ట్ నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది. యాభై ఏళ్లుగా తడిసిన ఫెల్ట్ అల్యూమినియంను ఆనుకొని ఉంటే తుప్పు పట్టక మానదు. పాత సీలెంట్‌ను, అంటే సందులు మూసే జిగురు ముద్దను, వేడిగాలితో మెత్తబరచి ప్లాస్టిక్ గరిటెతో గీకాం. ఉక్కు గరిటె వాడితే రేకు మీది పూత గీసుకుపోయి, అక్కడే మళ్లీ తుప్పు మొదలవుతుంది.

పొడిని నైలాన్ గరుకు మెత్తతో రుద్ది తీశాక మెకానిక్ వచ్చి, మిగిలిన లోహపు మందాన్ని నాలుగు చోట్ల కొలిచి, పరిమితిలోనే ఉందని చెప్పారు. ఆ తర్వాత అల్యూమినియంకు తుప్పు పట్టకుండా చేసే అలోడైన్ అనే రసాయన పూత, దాని మీద ఎపాక్సీ ప్రైమరు వేశాం. ప్రైమరు పూర్తిగా ఆరేవరకు కొత్త విండ్‌షీల్డు పెట్టెను హ్యాంగర్‌లోకి తేలేదు. ప్రైమరు, థిన్నరుల ఆవిరి యాక్రిలిక్‌కు మంచిది కాదు.

ఈ దశ 7 గంటలు. ఇప్పటివరకు 21 గంటలు, 1,308 డాలర్లు.

దశ 3: మొదటి విండ్‌షీల్డు, ఒక తప్పు నమ్మకం

కొత్త విండ్‌షీల్డు అన్ని వైపులా దాదాపు అంగుళం అదనపు అంచుతో వస్తుంది. విమానాలు చేతితో కట్టినవి కావడం వల్ల ఏ రెండూ ఒకేలా ఉండవు. అందుకే ఎవరి విమానానికి వారు కోసుకోవాలి. పాత దాన్ని కొత్త దానిపై పెట్టి గీత గీసి కోస్తే సరిపోతుందనిపిస్తుంది గానీ, రెండింటి వంపు వేరుగా ఉంటే ఆ గీత మూలల దగ్గర అబద్ధం చెబుతుంది. మాది కుడి పై మూలలో 9 మి.మీ. తేడా చూపింది. రెండింటి మీదా నడిమి గీత గీసుకొని, పాతదాన్ని కేవలం సుమారు హద్దుకు వాడుకొని, అసలు కొలతను గాడి నుంచే తీసుకోవాలి.

వాడిన పనిముట్లు, వాటిపై నా అభిప్రాయం:

1. జిగ్‌సా, అంటే బ్లేడు పైకీ కిందికీ ఆడే కరెంటు రంపం. ముతక పళ్ల బ్లేడుతో అంచు పెచ్చులు లేచింది. మళ్లీ ముట్టుకోలేదు.
2. చిన్న రోటరీ మిషన్‌కు తగిలించిన అబ్రేసివ్ చక్రం. ముతక కోతకు బాగుంది. ఆగి ఆగి కోయాలి. లేకపోతే ప్లాస్టిక్ కరిగి వెనకే అతుక్కుంటుంది.
3. బెల్ట్ శాండర్, 80 నంబరు బెల్టు. చివరి పావు అంగుళానికి ఇదే ఉత్తమం.
4. ఆకురాయి, మూలల వంపులకు.
5. 220, 320, 400 నంబర్ల శాండ్ పేపర్లు, ఈ వరుసలోనే, అంచు వెంట.

రక్షణ పొరను అంచు నుంచి రెండు అంగుళాల మేర మాత్రమే ఒలిచి, మిగతాది చివరి రోజు వరకు ఉంచాం.

ఇక తప్పు సంగతి. అంచు గాడి అడుగుకు ఎంత దగ్గరగా ఆనితే నీరు అంత తక్కువగా కారుతుందని నేను నమ్మాను. ఇంటి తలుపు చెక్కను దారబందంలో బిగుతుగా కూర్చోబెట్టే వడ్రంగి పని కళ్లముందు ఉండడం వల్ల కావచ్చు, ఖాళీ వదలడమంటే పనితనం లేకపోవడమేనని అనిపించింది. అందుకే పదిసార్లు పెట్టి తీసి, ప్రతిసారీ కొద్దిగానే కోస్తూ, చివరికి అంచు గాడి అడుగును తాకేటట్టు తెచ్చాను. మెకానిక్ ఆ వారం ఊళ్లో లేరు. ఆయన వచ్చేవరకు ఆగవలసింది.

డిసెంబరు 7 ఉదయం హ్యాంగర్ లోపల 9 డిగ్రీలు. పదకొండవ సారి పెడుతున్నాం. ఎడమ పై మూల గాడిలోకి వెళ్లింది, కుడి పై మూల ఒక పావు అంగుళం దూరంలో ఆగింది. "ఇంకొంచెం నొక్కితే కూర్చుంటుంది అన్నయ్యా" అన్నది నేనే. ఇద్దరం నొక్కాం. ఎండుపుల్ల విరిగినట్టు ఒక చప్పుడు. కుడి మూల నుంచి మధ్యకు పద్నాలుగు అంగుళాల పగులు.

ఈ దశ 16 గంటలు. ఇప్పటివరకు 37 గంటలు, 1,349 డాలర్లు. విమానం మీద విండ్‌షీల్డు లేదు.

దశ 4: ఎందుకు పగిలింది

మెకానిక్ పగిలిన ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టి, పగులు పుట్టిన చోటు చూపించారు. మిగతా పగులు ముఖం గరుకుగా ఉంటే, పుట్టుక దగ్గర మాత్రం గోరంత మేర అద్దంలా నున్నగా ఉంటుంది. ఆ నున్నటి మచ్చ సరిగ్గా అంచు మీద జిగ్‌సా మిగిల్చిన ఒక గంటు దగ్గర ఉంది. 220 నంబరు కాగితంతో నేను రుద్దిన గీతలు ఆ గంటు పైనుంచి పోయాయి గానీ దాని అడుగు వరకు చేరలేదు. అంటే మూడు కారణాలు ఒకేచోట కలిశాయి: అంచులో గంటు, చలికి పెళుసెక్కిన ప్లాస్టిక్, గాడి అడుగును తాకి కదలలేని మూల.

యాక్రిలిక్ గాజు కాదు, రేకూ కాదు. వేడికి అది అల్యూమినియం కంటే సుమారు మూడు రెట్లు వ్యాకోచిస్తుంది. డిగ్రీకి అల్యూమినియం మీటరు పొడవున 23 మైక్రాన్లు పెరిగితే, యాక్రిలిక్ దాదాపు 70 మైక్రాన్లు పెరుగుతుంది. మా విండ్‌షీల్డు కింది వెడల్పు 44 అంగుళాలు, అంటే 1,118 మి.మీ. 24 డిగ్రీల వద్ద కోసి అమర్చి, టెక్సాస్ ఎండలో నిలిపినప్పుడు అది 60 డిగ్రీలకు చేరిందనుకుంటే:

1. యాక్రిలిక్ పెరుగుదల 2.8 మి.మీ.
2. చుట్టూ ఉన్న అల్యూమినియం పెరుగుదల 0.9 మి.మీ.
3. తేడా 1.9 మి.మీ., ఒక్కో వైపు సుమారు 1 మి.మీ.

నేను వదిలిన ఖాళీ సున్నా. ఆ రోజు పగలకపోయినా జులైలో పగిలేది. విండ్‌షీల్డు అంచుకూ గాడి అడుగుకూ మధ్య ఎనిమిదో వంతు అంగుళం, అంటే 3.2 మి.మీ. ఖాళీ పెట్టుకోమన్నది మెకానిక్ మాట. పై లెక్కకు అది మూడింతలు. నీటిని ఆపేది ఫెల్ట్, సీలెంట్, వాటిని నొక్కి పట్టే పట్టీ. ప్లాస్టిక్ అంచుకు ఆ బాధ్యత లేదు.

రెండవ విండ్‌షీల్డు 560, రవాణా 165. ఇప్పటివరకు 37 గంటలు, 2,074 డాలర్లు. పెద్ద పెట్టె కనుక లారీలో వచ్చింది. పండుగ సెలవుల రద్దీ వల్ల మూడు వారాలు ఆగాం.

దశ 5: రెండవ విండ్‌షీల్డు

ఈసారి మార్చినవి:

1. హ్యాంగర్‌లో రెండు ఆయిల్ హీటర్లు పెట్టి, లోపల 22 డిగ్రీలు దాటాకే ప్లాస్టిక్‌ను ముట్టుకున్నాం. కిరోసిన్ హీటరు వాడలేదు.
2. జిగ్‌సా ఇంటికి పంపించాం.
3. ప్రతి కోత తర్వాత, మళ్లీ పెట్టి చూసే ముందే, అంచును 320 వరకు నునుపు చేశాం. మొదటిసారి ఈ పనిని చివరికి వాయిదా వేయడమే గంటు మిగలడానికి కారణం.
4. అంచు గాడిలో ఎంత లోతుకు పోయిందో ఊహించకుండా కొలిచాం.

నాలుగవ దానికి మార్గం సులువు. గాడి లోతును ముందుగా పన్నెండు చోట్ల కొలిచి రాసుకోవాలి. మాది సగటున ఎనిమిదింట ఐదు వంతుల అంగుళం. విండ్‌షీల్డును గాడిలో పెట్టాక, గాడి పెదవి వెంట ప్లాస్టిక్ మీద మాస్కింగ్ టేపు అంటించాలి. బయటికి తీశాక టేపు నుంచి అంచు వరకు కొలిస్తే అదే దూరిన లోతు. మాకు కావలసింది అర అంగుళం. దూరిన లోతు ఎనిమిదింట ఐదు వంతులకు దగ్గరగా ఉన్న ప్రతి చోటా పెన్సిల్‌తో గుర్తు పెట్టి, అక్కడ మాత్రమే శాండర్ పట్టాం.

కూర్చోబెట్టే పద్ధతిని సెస్నా మాన్యువల్ ఒక వాక్యంలో చెప్పి వదిలేసింది: ఒక పై మూల నుంచి మొదలుపెట్టి క్రమంగా లోనికి జరపాలని. మొదటిసారి దాన్ని నేను తేలిగ్గా చదివాను. రెండు మూలలనూ ఒకేసారి నెట్టాలని చూస్తే విండ్‌షీల్డు మధ్యలో ఉబ్బి, ఒత్తిడంతా మూలల్లోకి చేరుతుంది. ఒక మూల పూర్తిగా దూరాక, పై అంచు వెంట అరచేతితో అంగుళం అంగుళం జరుపుకుంటూ పోతే రెండవ మూలకు నొక్కుడే అవసరం ఉండదు. నొక్కవలసి వచ్చిందంటే కోయవలసింది ఇంకా ఉందని అర్థం.

పెట్టి చూసిన లెక్క: మొదటి నాలుగుసార్లు సుమారు 5 మి.మీ. చొప్పున కోత, తర్వాత మూడుసార్లు 1 నుంచి 2 మి.మీ., చివరి రెండుసార్లు మూలల్లో మాత్రమే. తొమ్మిదవ సారి చుట్టూ ఖాళీ 2.8 నుంచి 3.6 మి.మీ. మధ్య నిలిచింది. అంచును 400తో ముగించాం.

ఈ దశ 11 గంటలు. ఇప్పటివరకు 48 గంటలు, 2,074 డాలర్లు.

దశ 6: గేజీ రంధ్రం

పాత పగులు పుట్టింది ఈ రంధ్రం దగ్గరే. పగిలిన కొత్త విండ్‌షీల్డు ఇప్పుడు అభ్యాసపు పలకగా పనికొచ్చింది. 560 డాలర్ల పలక. దాని మీద తొమ్మిది రంధ్రాలు వేశాను.

మామూలు లోహపు బిట్ వెళ్లేటప్పుడు బాగానే వెళ్లి, అవతలి వైపు బయటికి వచ్చే క్షణంలో ప్లాస్టిక్‌ను కొరికి లాగుతుంది. మూడు ప్రయత్నాల్లో మూడుసార్లూ వెనుకవైపు పెచ్చు లేచింది. యాక్రిలిక్ కోసం నూరిన బిట్ కొన ఎక్కువ సూదిగా ఉంటుంది, దాని కోత అంచు కొరకకుండా గీకుతుంది. దానితో రెండు, మెట్టు మెట్టుకూ లావయ్యే మెట్ల బిట్‌తో నాలుగు రంధ్రాలు వేస్తే ఒక్కటీ పాడవలేదు. మెట్ల బిట్‌నే ఎంచుకున్నాను, ఎందుకంటే తర్వాతి మెట్టు మొదలయ్యే ముందు ఆపి చూసుకునే వీలుంటుంది.

1. స్థానాన్ని విండ్‌షీల్డు గాడిలో ఉన్నప్పుడే గుర్తించాం. తొలిచింది మాత్రం బల్ల మీద.
2. కింద మెత్తటి చెక్కను వంపుకు సరిపోయేలా అరగదీసి ఆనించాం.
3. నెమ్మదైన వేగం, ప్రతి మెట్టుకూ విరామం.
4. గేజీ కాండం వ్యాసం ఎనిమిదింట మూడు వంతుల అంగుళం, రంధ్రం అర అంగుళం. చుట్టూ ప్లాస్టిక్‌ను తాకకుండా రబ్బరు వాషర్లు.
5. రంధ్రపు లోపలి అంచును 600 నంబరు తడి కాగితాన్ని పుల్లకు చుట్టి నునుపు చేసి, రెండు వైపులా సన్నగా ఏటవాలు తీశాం.
6. నట్టును చేతితో ఆనేవరకు బిగించి, ఒక చుట్టు వెనక్కి తిప్పాం.

చేసిన తర్వాత రంధ్రపు లోపలి గోడను భూతద్దంతో చూశాను. పాత విండ్‌షీల్డు రంధ్రాన్ని కూడా అదే భూతద్దంతో చూస్తే, 1974 నుంచి పాత పగులు దేనికోసం ఎదురుచూసిందో తెలిసింది. అది అరం పళ్లలా ఉంది, కాండం దాన్ని ఒకవైపు తాకుతూ ఉండేది.

ఈ దశ 4 గంటలు. ఇప్పటివరకు 52 గంటలు, 2,108 డాలర్లు.

దశ 7: ఫెల్ట్, సీలెంట్, స్క్రూలు

కారు విడిభాగాల దుకాణంలో దొరికే, పులిసిన వెనిగర్ వాసన వచ్చే సిలికాన్‌ను దగ్గరికి రానివ్వకూడదు. అది ఆరేటప్పుడు వెలువరించే ఆమ్లం అల్యూమినియంను తింటుంది. పైగా, ఒకసారి అంటిన చోట తర్వాత రంగు నిలవదు. మేము రెండు భాగాలు కలిపే పాలీసల్ఫైడ్ సీలెంట్‌ను వాడాం, యాక్రిలిక్‌కు పనికొస్తుందని దాని పత్రంలో రాసి ఉందో లేదో మెకానిక్ చూసి ఒప్పుకున్నాకే.

పట్టీని మళ్లీ రివెట్లతో బిగించాలా, స్క్రూలతోనా అన్న ప్రశ్న వచ్చింది. కనీసం 6వ నంబరు స్క్రూలు, తమంతట తాము వదులు కాని నట్లు వాడితే బలం తగ్గదని సెస్నా మాన్యువల్ అనుమతిస్తుంది. స్క్రూలనే ఎంచుకోవడానికి నా దగ్గర బలమైన కారణం ఉంది: దశ 1లో కోడిగుడ్లయిన మూడు రంధ్రాలు. పాత రివెట్ రంధ్రం 0.1285 అంగుళం. 6వ నంబరు స్క్రూకు 27వ నంబరు బిట్‌తో 0.144 అంగుళం వేస్తే ఆ మూడూ మళ్లీ గుండ్రమయ్యాయి. రంధ్రం నుంచి రేకు అంచు వరకు ఉండే దూరం సరిపోతుందో లేదో మెకానిక్ ఒక్కొక్కటీ కొలిచాకే డ్రిల్ పట్టనిచ్చారు.

1. విండ్‌షీల్డు అంచుకు ఫెల్ట్ పట్టీని అంటించాం. మూలల్లో మడవకుండా ఏటవాలుగా కోసి కలిపాం.
2. గాడిలో సీలెంట్ పూసి, విండ్‌షీల్డును ఎడమ పై మూల నుంచి లోనికి జరిపాం.
3. కింది పట్టీని పెట్టి, మధ్య నుంచి రెండు వైపులకూ స్క్రూలను వదులుగా ఎక్కించాం.
4. ఫెల్ట్ కొద్దిగా అణిగేవరకే బిగించాం.
5. బయటికి ఉబికిన సీలెంట్‌ను సబ్బునీటిలో ముంచిన ప్లాస్టిక్ పుల్లతో గీసి తీశాం.

డబ్బా మీద రాసిన పనికాలం, అంటే కలిపాక సీలెంట్ వాడదగినట్టు ఉండే సమయం, రెండు గంటలు. 22 డిగ్రీల్లో మాకు సరిగ్గా సరిపోయింది. కానీ రాత్రి హీటర్లు ఆపేసి వెళ్లాం, లోపల 6 డిగ్రీలకు పడిపోయింది. మూడవ రోజుకీ సీలెంట్ వేలికి అంటింది. మరో రెండు రోజులు వేడి కొనసాగిస్తే గట్టిపడింది. చలికాలంలో చేసేవారు కరెంటు బిల్లును కూడా లెక్కలో వేసుకోవాలి. నేను వేసుకోలేదు.

ఈ దశ 13 గంటలు. ఇప్పటివరకు 65 గంటలు, 2,256 డాలర్లు.

దశ 8: పక్క కిటికీలు, రెండవ నష్టం

వెనుక కిటికీల చుట్టూ ఉండే 1974 నాటి ప్లాస్టిక్ లైనింగ్ ముట్టుకుంటే పెంకులా విరుగుతుంది. రెండు ముక్కలు విరిగాయి. వాటిని అతికే పని మా ఇంటి గ్యారేజీలో చేశాను, అసిటోన్ సీసా హ్యాంగర్‌లోకి రాకూడదన్న నియమం అప్పటికే పెట్టుకున్నాం.

అసిటోన్‌ను అంత దూరం పెట్టినవాణ్ని ఆల్కహాల్‌ను మాత్రం మామూలు వస్తువుగా చూశాను. కుడి తలుపు కిటికీని కోసి, పట్టీలతో బిగించాక, అంచున టేపు జిగురు మిగిలింది. ఇంట్లో కంప్యూటర్ తెర తుడిచినట్టు గుడ్డకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడిచాను. పది నిమిషాల్లో కింది అంచు వెంట, స్క్రూ ఎక్కువ బిగిసిన చోట, వెండి దారాల్లాంటి సన్నని నెర్రెలు వరుసగా లేచాయి. చేతితో తడిమితే ఏమీ తెలియదు, పక్కనుంచి వెలుతురు పడితే కనిపిస్తాయి. అదే ఆల్కహాల్ బల్ల మీద ఒత్తిడి లేకుండా పడి ఉన్న ముక్కపై వేస్తే ఏమీ కాలేదు. ఒత్తిడి, ద్రావకం కలిస్తేనే ఈ నెర్రెలు వస్తాయి. విమానంలో అమర్చిన ప్లాస్టిక్‌కు ఎంతో కొంత ఒత్తిడి ఎప్పుడూ ఉంటుంది.

సెస్నా పైలట్ పుస్తకంలోనే ఉంది: పెట్రోలు, ఆల్కహాల్, అసిటోన్, లక్కర్ థిన్నరు, మంచు కరిగించే ద్రవం, ఇంటి అద్దాలు తుడిచే ద్రవం, వీటిలో ఏదీ వాడకూడదు. ఆ పేజీని నేను పదిహేనేళ్లుగా చూస్తున్నాను. టేపు జిగురుకు నాఫ్తా అనే ద్రావకాన్ని గుడ్డకు అద్ది తుడిచి, వెంటనే సబ్బునీటితో కడగడం సరైన మార్గం. మామూలు శుభ్రతకు ముందు నీళ్లు ధారగా పోసి, దుమ్మును అరచేతితో జార్చి, ఆ తర్వాతే మెత్తటి నూలు గుడ్డ. రక్షణ పొర ఒలిచినప్పుడు ప్లాస్టిక్‌కు స్థిర విద్యుత్తు పట్టి దుమ్మును లాగుతుంది కనుక పొడి గుడ్డ పెట్టనేకూడదు.

ఎడమ తలుపు కిటికీ పైన కీళ్లతో తెరుచుకునేది. కీలు పిన్ను లాగితే చట్రంతో సహా బయటికి వస్తుంది. చట్రం అతుకు దగ్గరి రివెట్లను తొలిచి, పాత పలక తీసి, కొత్తదానికి చుట్టూ సీలింగ్ పట్టీ, సీలెంట్ పెట్టి మళ్లీ మూశాం. పక్క కిటికీలు దాదాపు చదునువి కనుక కోత తేలిక. వెనుకవి రెండూ మూడేసి ప్రయత్నాల్లో కుదిరాయి.

కుడి కిటికీ మళ్లీ కొన్నది 118, రవాణా 38, సీలింగ్ పట్టీలు 64. ఈ దశ 22 గంటలు. ఇప్పటివరకు 87 గంటలు, 2,476 డాలర్లు.

దశ 9: నీటి పరీక్ష

ఒత్తిడి లేకుండా తోట పైపుతో కింది నుంచి పైకి, ఒక్కో అతుకు మీద ఐదు నిమిషాల చొప్పున నీరు పోశాం. లోపల నా భాగస్వామి టార్చి పట్టుకొని, అంచుల వెంట పాత వార్తాపత్రికల ముక్కలు అంటించి కూర్చున్నారు. విండ్‌షీల్డు చుట్టూ, నాలుగు కిటికీల చుట్టూ కాగితం పొడిగా ఉంది. పైపు ఎడమ రెక్క మొదటికి చేరిన నిమిషంలోనే పైలట్ కాలి దగ్గర నీరు పడింది.

అంటే ఇన్నేళ్లుగా కారుతున్న నీరు రెక్క ఫెయిరింగ్ కిందినుంచి, గాలి గొట్టం పక్కగా తలుపు స్తంభం లోపలికి దిగి, విండ్‌షీల్డు మూలలో తేలేది. పాత విండ్‌షీల్డు మీద వేసిన మూడు నేరాల్లో ఒకటి దానిది కాదు. గొట్టం చుట్టూ రబ్బరు పట్టీ ఎండి బిగుసుకుపోయింది. 12 డాలర్ల కొత్త పట్టీ వేసి మళ్లీ పరీక్షిస్తే పొడిగా ఉంది.

పాత విండ్‌షీల్డు 4.2 కిలోలు, కొత్తది కోశాక 4.3 కిలోలు తూగింది. విమానం బరువు లెక్కలో ఆ తేడాను చేర్చనవసరం లేదని మెకానిక్ నిర్ణయించారు. ఆయన చేసిన పని వివరణ, తేదీ, సంతకం, లైసెన్సు వివరాలు లాగ్‌బుక్‌లో రాసి, విమానాన్ని ఎగరడానికి విడుదల చేశారు. ఆయన 9 గంటలకు 765 డాలర్లు.

ఈ దశ 7 గంటలు. మొత్తం 94 గంటలు, 3,253 డాలర్లు. ఇందులో నా తప్పుల ఖరీదు 881 డాలర్లు: రెండవ విండ్‌షీల్డు, రెండవ కుడి కిటికీ, వాటి రవాణా.

దశ 10: ఎగిరాక

మొదటి ఎగురుడు ఇరవై నిమిషాలు, విమానాశ్రయం మీదే. వేగం 90 నాట్లు (గంటకు సుమారు 167 కి.మీ.) దాటగానే కుడి పై మూలలో సన్నని ఈల వినిపించింది. దిగాక చూస్తే ఫెయిరింగ్ అంచు ఒక చోట కాగితం దూరేంత లేచి ఉంది. స్క్రూ పొడవు తప్పు. అట్టముక్క మీద గుచ్చినప్పుడు రెండు స్క్రూలు తారుమారయ్యాయి. మార్చాక ఈల ఆగింది.

ఐదు గంటలు ఎగిరాక, పదిహేను గంటలు ఎగిరాక పట్టీని తనిఖీ చేశాం. 46 నట్లలో రెండు ఫెల్ట్ అణగడం వల్ల కొద్దిగా వదులయ్యాయి. పావు చుట్టు చొప్పున బిగించాం. గేజీ రంధ్రాన్ని రెండుసార్లూ భూతద్దంతో చూశాను. సీట్ల వెనుక, తోక వైపు ఉండే పెద్ద కిటికీని మేము మార్చలేదు. ఎనిమిదేళ్ల క్రితం పాత యజమాని మార్పించినట్టు లాగ్‌బుక్‌లో ఉంది, దాని ఎడమ అంచున ఇప్పుడు ఒక అంగుళం పొడవున వెంట్రుక నెర్రె కనిపిస్తోంది. దాని రెండు కొసలకూ పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పక్కన తేదీ రాశాం. పగిలిన విండ్‌షీల్డును పారేయలేదు. అందులో రంధ్రాలు వేయడానికి ఇంకా చోటుంది.